సిరాయ సువార్త: ఫార్మోసా భాషల సాక్ష్యవిచారము

క్రీ. శ. 1661వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డాం నగరమున నొక గ్రంథము అచ్చుపడినది. పుటకు రెండు వరుసలు. ఒకదానియందు డచ్చి భాష, రెండవదానియందు సిరాయ భాష. అది మత్తయి సువార్తకు అనువాదము. అనువాదకుడు దానియేల్ గ్రావియుస్ అను క్రైస్తవ బోధకుడు. 1647 మొదలు 1651 వఱకు ఫార్మోసా ద్వీపమున, అనగా నేటి తైవాన్‌లో, నైరృతి మైదానపు గ్రామములందు పనిచేసినవాడు. గ్రంథము వెలువడిన యేటనే ఏప్రిలు మాసమున చెంగ్ చెంగ్‌కుంగ్ సేనలు ద్వీపమున దిగి డచ్చివారి జీలాండియా కోటను ముట్టడించినవి. 1662 ఫిబ్రవరిలో డచ్చివారు కోటను విడిచి వెడలిపోయిరి. ఎవరికొఱకు గ్రంథము సిద్ధమయ్యెనో వారికిని, దానిని పంపదలచినవారికిని నడుమ దారి తెగిపోయినది. ఆ సిరాయ భాషయు 19వ శతాబ్ది ముగియునాటికి వాడుకనుండి తొలగినది. నేడా భాషను గూర్చి ఎవరేమి చెప్పదలచినను మొదట విప్పవలసినది ఈ గ్రంథమునే.

ఇట్టి గ్రంథములను భాషాశాస్త్రజ్ఞులు పదసంపద కొఱకును వ్యాకరణరూపముల కొఱకును పరిశీలింతురు. సాహిత్యవిమర్శకులు వానివంక చూడరు. ఒక వర్గమునకది గని. మఱియొక వర్గమునకది పరాయిసొమ్ము. ఫార్మోసా భాషల విషయమున ఈ పంపకము చెల్లదని నా యభిప్రాయము. ఏలయన నొక పాఠము ఎట్లు పుట్టినది, ఎవరు పలికిరి, ఎవరు వ్రాసిరి, ఎవరికొఱకు వ్రాసిరి అను ప్రశ్నలు విమర్శకునివి. వాని సమాధానములను బట్టియే ఆ పాఠము భాషకు ఎంతవఱకు సాక్ష్యమగునో తేలును. ఈ దృష్టితో సిరాయ సువార్తను, దానితోబాటు ఫార్మోసా భాషలకు సంబంధించిన మఱికొన్ని పాఠములను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా సువార్త. లిపి రోమను లిపి, వర్ణక్రమము డచ్చివారిది. ఒకే పదము వేర్వేఱు చోట్ల వేర్వేఱు విధముల వ్రాయబడి యుండుట ప్రతి ప్రకరణమునందును కాననగును. సిరాయ ధ్వనులకును డచ్చి అక్షరములకును పొందిక లేనిచోట అనువాదకుడు తడబడినాడు. ఆ తడబాటులనే ఆధారముగ గొని అసలు ధ్వని యేదియై యుండునో ఊహించుట పరిశోధకుని పని. అలెగ్జాండర్ ఆడెలార్ 2011లో ప్రకటించిన సిరాయ వ్యాకరణము ఇట్టి పరిశ్రమకు ఫలము. మృతభాషయొక్క ధ్వనులను, పదనిర్మాణమును, నిఘంటువును మూడు శతాబ్దులకు పైబడిన ప్రాత పుటలనుండి రాబట్టిన యా గ్రంథము, దోషభూయిష్ఠమైన లేఖనము సైతము ఎంత యుపకరింపగలదో చూపినది. ధ్వనివిషయమున గ్రావియుస్ లోపములు చాలవఱకు సవరింపదగినవే.

సవరింపరానివి వేఱుగ నున్నవి. సిరాయవారి జీవనమునకు ఆధారము జింకలవేట, స్త్రీలు చేయు సేద్యము. డచ్చి కంపెనీ ఆ జింకచర్మములను జపానుకు ఎగుమతి చేసి లాభము గడించినది. మత్తయి సువార్తలో ద్రాక్షతోట కలదు, అంజూరపుచెట్టు కలదు, ఒంటె కలదు. వీనిలో నేదియు సిరాయగ్రామమున లేదు. గ్రామమున నిత్యము వినబడు జింకలవేట మాట సువార్తలో రాదు. అనువాదకుని తప్పిదమని దీనిని చెప్పరాదు. మూలమున లేనిదానిని అతడెట్లు తేగలడు? కాని సిరాయ భాషకు ఈ గ్రంథమే ప్రధానసాక్షి యగునపుడు మూలములోని లేమి భాషలోని లేమిగా కనబడును. యుట్రెక్ట్ నగరమున దొరకి 1842లో ప్రకటితమైన చేతివ్రాత పదపట్టికలో సుమారు వేయి పదములున్నవి. కొంత లోటు దానివలన తీరును. అయినను ఆ పట్టికలోని మాండలికము సువార్తలోనిదానికంటె కొంత భిన్నమైనది. రెంటిని కలిపి ఒక భాషగ కుట్టినచో అతుకు పైకి తేలును.

దైవవాచకమునకు గ్రావియుస్ గ్రహించిన పదము 'అలిద్'. సిరాయవారి పూజలందుకొను శక్తులకు వాచకమైన పదమునే బోధకుడు తన యేకేశ్వరునకు వాడెను. ఇందు వింత లేదు. అనువాదకు లెల్లరకు ఇట్టి చిక్కు తప్పదు. గమనింపవలసిన విషయ మొకటి కలదు. జార్జియుస్ కాండిడియుస్ అను బోధకుడు 1628లో వ్రాసిన వృత్తాంతమున సిరాయవారి పూజలను నడపువారు స్త్రీలనియు, వారిని 'ఇనిబ్' అందురనియు చెప్పినాడు. 1641లో డచ్చి ప్రభుత్వము ఈ స్త్రీలను సుమారు 250 మందిని గ్రామములనుండి వెడలగొట్టి ఉత్తరముగ దూరప్రాంతమునకు పంపివేసినది. 1652లో మరల రానిచ్చునప్పటికి మిగిలినవారు ఏబదిమందికి లోపు. గ్రావియుస్ ద్వీపమున నివసించిన యేండ్లు ఈ బహిష్కారకాలము లోపలనే పడుచున్నవి. ఆ భాషలోని మంత్రములు, ప్రార్థనలు, దీర్ఘములైన స్తోత్రములు ఎవరి నాలుకలపై నుండెనో వారు ఊరిలో లేని కాలమున, ఆ భాషలో ప్రార్థించుట యెట్లో నేర్పు గ్రంథము సిద్ధమైనది. సిరాయ సువార్తను చదువునప్పుడు ఈ విషయమును మఱచినచో విమర్శ సగమే యగును. అచ్చటి శైలి సిరాయవారి గంభీరశైలియా, బోధకుడును అతని సహాయకులును కలిసి కూర్చుకొన్న శైలియా యని నిర్ణయించుటకు పోల్చిచూడదగిన పాఠము మిగులలేదు.

దీనికి ఎదురుగ నిలుపదగినవి సింకాంగ్ దస్తావేజులు. డచ్చివారు వెడలిపోయిన పిమ్మట వారి బడులు మూతపడినవి, బోధకులు లేరు, ఏలుబడి మొదట చెంగ్ వంశీయులదియు, 1683 తరువాత చింగ్ చక్రవర్తులదియు నయ్యెను. అయినను గ్రామస్థులు తాము నేర్చిన రోమను లిపిలో తమ భాషలోనే భూములు తాకట్టుపెట్టుట, కౌలుకిచ్చుట, అమ్ముట మొదలగు వ్యవహారములకు పత్రములు వ్రాసికొనుచు వచ్చిరి. లభించిన పత్రములలో మొదటిది 1683వ సంవత్సరమునది, కడపటిది 1813వ సంవత్సరమునది. అనగా గురువులు విడిచిపోయిన నూటయేబది యేండ్లకును శిష్యపరంపర వ్రాయుచునే యున్నది. మురకామి నవొజిరో 1933లో తైహోకు సామ్రాజ్య విశ్వవిద్యాలయము పక్షమున నూఱింటికి పైగా పత్రములను ప్రకటించెను. తరువాత దొరకినవానితో గూడ చేర్చి పాల్ లీ జెన్‌క్వే విపులముగ పరిశోధించెను. కొన్ని పత్రములందు ఒకవైపు చీనాభాషయు నొకవైపు సిరాయభాషయు నున్నవి.

ఈ పత్రములు అందమైన రచనలు కావు. ఒకే మూసలో పోసినట్లుండును: ఎవరు, ఏ భూమి, ఎల్లలెట్టివి, ఎంత వెండి, ఎన్ని యేండ్లు. మన తామ్రశాసనములలో తూర్పు దక్షిణముల యెల్లలు చెప్పుచోట కవిత్వమును వెదకువా డెవడు? కాని తెనుగు దేశపుమాటలు ఆ యెల్లల వర్ణనలోనే మొదట మనకు దొరకినవి కదా. సింకాంగ్ పత్రముల విలువయు అట్టిదే. ఇందు సిరాయవాడు సిరాయవానికై తన యవసరము కొఱకు వ్రాసినాడు. సువార్త పెద్దది, వాక్యవైవిధ్యము గలది. పత్రములు చిన్నవి, మూసలో పోసినవి. అయినను ఎవరి నోటిమాట యని యడిగినచో పత్రములకే నేను ముందుచోటు నిత్తును. విద్వాంసులు వ్యాకరణమునకై సువార్తనే యెక్కువగ నాశ్రయించిరనుట సహజమే. వాక్యము లందే యధికముగ నున్నవి.

ఇక నీ భాషలకు లోకమున నింత ప్రాధాన్యమేల వచ్చినదో చెప్పవలసియున్నది. ఆస్ట్రోనీసియ కుటుంబమున 1200కు పైగా భాషలు కలవు. పడమట మడగాస్కరు, తూర్పున ఈస్టరు ద్వీపము, ఉత్తరమున హవాయి, దక్షిణమున న్యూజీలండు దాని యెల్లలు. ఆటో డెంప్‌వుల్ఫ్ 1934–38 సంవత్సరములలో ఈ కుటుంబపు మూలభాషను పునర్నిర్మించినపుడు ఫార్మోసా భాషలను ఆధారముగ గొనలేదు. టాగలోగు, జావా, మలయు మొదలగు భాషలతోనే భవనము కట్టెను. ఫార్మోసా భాషలు చేరినతోడనే పునాది కదలినది. కంటికి టాగలోగున 'మత', ఫిజీభాషలో 'మత', హవాయిలో 'మక'. మూడునకు టాగలోగున 'తత్లో', ఫిజీలో 'తొలు', హవాయిలో 'కొలు'. రెండింటను ఒకే తకారము, హవాయిలో రెండింటను ఒకే కకారము. కాన మూలభాషలో నొకటే తకారమని తోచును. పైవాన్ భాషలో కన్ను 'మౘ'. మూడు మాత్రము 'త్యెలు'. ఒకచో దంత్యమైన ౘకారము, ఒకచో తాలవ్యమైన తకారము. మన లిపిలో ౘకారమునకు వేఱుగ గుర్తు కలదు గనుక తెలుగువారికి ఈ భేదమును చూపుట సులభమైనది. ఏ నియమమున నొకటి రెండుగ చీలినదో చెప్పలేనపుడు రెండును మూలమున వేఱుగ నుండెననుటయే న్యాయము. ఈ భేదమును ముందుగ గుర్తించిన గౌరవము ఒగావా నవొయోషికి చెందును.

అట్లే రెండు, నాలుగు అను సంఖ్యలు. మలయున 'దువ', 'ఎంపత్'. టాగలోగున 'దలవ', 'అపత్'. అమిసు భాషలో 'తుస', 'సెపత్'. అమిసులోని సకారము తరువాత వచ్చి చేరినదని చెప్పుట కష్టము. ఇతర భాషలలో పోయినదని చెప్పుట సులభము. అయితే ఇదే అమిసు భాషలో కన్ను 'మత' యనియే యున్నది, తకారద్వయము కలిసిపోయినది. కాబట్టి తైవాన్ భాషలన్నియు సమముగ ప్రాచీనములనుకొనరాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క యవశేషమును దాచుకొన్నది. అందువలననే వానిలో నేది పోయినను మఱియొకటి దాని లోటు తీర్పలేదు.

రాబర్ట్ బ్లస్ట్ 1999లో చేసిన విభాగము సుప్రసిద్ధము. ఆస్ట్రోనీసియ కుటుంబమునకు పది మూలశాఖలు. తొమ్మిది తైవాన్‌లోనే కలవు. తైవాన్ వెలుపలి భాషలన్నియు, లాన్యూ ద్వీపమునందలి యామీ భాషతో గూడ, పదియవ శాఖలో నిముడును. ఈ పదియవ శాఖ యేకత్వమునకు ఆయన చూపిన హేతువులలో నొకటి నాకు మిక్కిలి రుచించినది. మూలభాషలో 'ము' యనునది 'మీ' యను బహువచనార్థము గలది. తైవాన్ భాషలలో నది బహువచనముగనే నిలిచినది. వెలుపలి భాషలలో నదే యేకవచనమైనది. మలయువాడు ఒక్కనిని గూర్చి 'ము' యనును. ఒక్కరిని గౌరవార్థము బహువచనముతో సంబోధించుట అలవడి, క్రమముగ గౌరవాంశము జాఱిపోయి, బహువచనమే యేకవచనముగ స్థిరపడినదని బ్లస్ట్ వివరణము. 'నీవు' అనవలసినచోట 'మీరు' అను తెలుగువారికి ఈ పరిణామపు మొదటి మెట్టు కొత్తది కాదు. ధ్వనులు కలిసిపోవుట అనేకచోట్ల వేర్వేఱుగ జరుగవచ్చును. ఇట్టి మార్పు ఒక్కచోట జరిగి వ్యాపించె ననుటకే యెక్కువ యవకాశము కలదు. మూలస్థానము న్యూగినీ ప్రాంతమని 1965లో పదగణనమువలన సూచించిన ఇసిడోర్ డైయన్ మతము నేడు నిలువలేదు. 2009లో గ్రే, డ్రమ్మండ్, గ్రీన్‌హిల్ అను మువ్వురు 400 భాషల పదములను గణితరీత్యా పరిశీలించి ఈ కుటుంబము సుమారు 5200 యేండ్ల క్రిందట తైవాన్‌నుండియే ప్రారంభమైనదనిరి.

తైవాన్ లోపలి శాఖల సంబంధమును గూర్చి మాత్రము ఏకాభిప్రాయము లేదు. లారెంట్ సగార్ 2004లో ప్రతిపాదించిన మతమును కొంత విస్తరించి చర్చింపవలసియున్నది. పాజే భాషలో చేయి 'రిమ', ఐదు 'ఖసెప్'. రెండు 'దుస', మూడు 'తురు', నాలుగు 'సుపత్'. ఏడు 'ఖసెబిదుస', ఎనిమిది 'ఖసెబితురు', తొమ్మిది 'ఖసెబిసుపత్'. అనగా ఐదునురెండు, ఐదునుమూడు, ఐదునునాలుగు. వెలుపలి భాషలలో ఏడు 'పితు', ఎనిమిది 'వలు', తొమ్మిది 'సివ' మొదలగు రూపములనుండి వచ్చినది. సగార్ చెప్పునదేమన, పాజేలోని దీర్ఘసమాసములే ప్రాచీనములు. అవి కుఱచపడగా 'పితు' మొదలగునవి పుట్టినవి. 'ఖసెబిదుస' వంటి ప్రాచీనరూపము తల, తోక పోగొట్టుకొన్నచో 'పితు' మిగులును. అంతేకాక ఈ క్రొత్త సంఖ్యలు సోపానక్రమమున వ్యాపించినవి: పై మెట్టు సంఖ్య యున్న భాషలో క్రింది మెట్టు సంఖ్యయు నుండును. కావున మెట్లను బట్టియే శాఖలు చీలిన క్రమమును చెప్పవచ్చునని ఆయన వాదము.

ఇది మిక్కిలి చతురమైన వాదము. ఒక్క యేడును గూర్చి మాత్రమే యైనచో దీనిని కాదనుట కష్టము. అయినను సంఖ్యావాచకములమీద వంశవృక్షమంతయు నిలుపుటకు ద్రావిడభాషలు చదివినవానికి మనసొప్పదు. కూరుఖు భాషలో దేశ్యసంఖ్యలు నాలుగువఱకే. మాల్తో భాషలో రెండువఱకే. తక్కినవి ఆర్యభాషలనుండి వచ్చినవి. దీనిని బట్టి మూలద్రావిడమున మూడను సంఖ్య పుట్టకముందే మాల్తో విడిపోయినదని చెప్పువా డెవడును లేడు. పైగా కూరుఖు, మాల్తో మెట్లవారిగ నిలుచుచున్నవి! సంఖ్యలు సంతలో తిరుగు మాటలు. వ్యాపారమున ఎవరితో పని యుండునో వారి లెక్కకు లొంగును. పెద్దసంఖ్య ముందు పోవును, చిన్నసంఖ్య వెనుక పోవును. కాన సోపానక్రమము నష్టమువలన గూడ నేర్పడగలదు. పాజే సంఖ్యలు ఎరవుమాటలు గావు, దేశ్యసమాసములే కదా యని సగార్ పక్షమువా రడుగవచ్చును. యుక్తమైన ప్రశ్న. కాని దేశ్యసామగ్రితో క్రొత్తసంఖ్యలు కట్టుకొనుటయు తైవాన్‌లో నపూర్వము కాదు. థావో భాషలో మూడు 'తురు', ఆఱు 'కతురు'. నాలుగు 'ష్పత్', ఎనిమిది 'కష్పత్'. ఒకచో కూడిక, ఒకచో రెట్టింపు. ఇన్ని రీతులున్నచోట ఒకదానినే యాదిమమని యేరుటకు సంఖ్యలకు బయట హేతువు చూపవలెను. బ్లస్ట్ కూడ 2014లో ఈ మతమును తిరస్కరించెను. మాల్కం రాస్ 2009లో క్రియానిర్మాణమును బట్టి పుయుమ, రుకాయ్, త్సో భాషలను వేఱుచేసి తక్కినవానినెల్ల నొక్క శాఖగ జేర్చెను. ఈ మార్గము నాకు సంఖ్యలకంటె నమ్మదగినదిగ తోచుచున్నది. క్రియావ్యవస్థ సంతలో దొరకునది కాదు.

క్రియల ప్రసంగము వచ్చినది గనుక నొకమాట. ధాతువు నడుమ ప్రత్యయము చొప్పించుట ఈ భాషల లక్షణము. అమిసులో 'కొమఎన్', టాగలోగున 'కుమఇన్', తినుటయని యర్థము. 'కఎన్', 'కఇన్' ధాతువులు. తెలుగు మాత్రమే తెలిసినవానికిది వింత. మన మన్యమునందలి సవరభాషలో ధాతువు నడుమ నకారము చేర్చి నామములు చేయుదురని గిడుగు రామమూర్తి పంతులుగారి సవరవ్యాకరణము చదివినవారికి తెలియును. ముండా, మాన్‌ఖ్మేరు భాషలకును ఆస్ట్రోనీసియమునకును చుట్టరికము కలదని విల్‌హెల్మ్ ష్మిట్ 1906లో చేసిన యూహకు ఇట్టి మధ్యప్రత్యయములు ముఖ్యమైన యాధారము. ఆ యూహ నేటికిని ఊహయే. కాని 1931లో వెలువడిన పంతులుగారి గ్రంథమున కిట్టి చర్చలలో చోటున్నదని మన పరిశోధకవిద్యార్థులు ఎఱుగుట మంచిది.

ఇక 1935లో తైహోకు విశ్వవిద్యాలయము ప్రకటించిన ఒగావా, అసాయి ఎరిన్ గార్ల కథాసంపుటము. కొండజాతులవారు, తూర్పుతీరపువారు, యామీలు తమ తమ భాషలలో చెప్పిన పురాణకథలను ధ్వనిలిపిలో వ్రాసి జపానుభాషలో నర్థము కూర్చిన బృహద్గ్రంథమిది. గ్రావియుస్ గ్రంథముతో పోల్చిన దీని విశేషము సులభముగ తేటపడును. ఇందు మాట గ్రామస్థునిది, కథ గ్రామస్థునిది. లిపి మాత్రమే పండితునిది. ఇప్పటికిని దీనిని మించిన సంకలనము లేదన్నచో నతిశయోక్తి కాదు. లోపము లేకపోలేదు. వ్రాయువాని చేతివేగమునకు తగినట్లు చెప్పువాడు నిదానించినపుడు వాక్యము కుఱచయగును, కథ యెముకలగూడగును. సభలో పదిమంది నడుమ పలికిన కథకును పండితుని ముంగిట పలికిన కథకును గల భేదము ఇందు పలుచోట్ల తెలియుచునే యున్నది. అదియునుగాక సంభాషణము లేదు. మైదానపు భాషలు అప్పటికే చాలవఱకు నశించినవి. అసాయి 1936లో ఈశాన్యభాగమున నొక వృద్ధురాలినుండి బాసాయ్ భాషాపాఠములను వ్రాసికొనియుండనిచో ఆ భాష పదపట్టికగనే మిగిలియుండెడిది. ఆ పాఠములు త్సుచిదా మొదలగువారి సంపాదకత్వమున 1991లో గాని వెలుగుచూడలేదు.

కథాసంకలనమునకు చిక్కని దెట్టిదో మయ్రినాక్స్ గ్రామపు అటాయల్ భాష చెప్పును. అచ్చట స్త్రీలభాష, పురుషులభాష యని రెండు విధములుండెను. ముఖమునకు స్త్రీలు 'రకిస్' అనియు పురుషులు 'రకినస్' అనియు పలికెడివారు. ఇందలి కకారము కంఠమూలమున పుట్టునది. పాల్ లీ ఈ భేదమును 1980 ప్రాంతమున వెల్లడించెను. స్త్రీల రూపములే మూలభాషకు దగ్గఱవి. పురుషులు వానికి క్రొత్త యక్షరములు చేర్చి రహస్యభాషవలె మార్చుకొనిరి. సంగ్రాహకులందఱును పురుషులనే యడిగియుండినచో మూలరూపమునకు సాక్ష్యము పోయెడిది. ఎవరినడిగిరి అను ప్రశ్న యెంతటి బరువు గలదో దీనివలన స్పష్టము.

భాషలు క్షీణించిన చరిత్రను విస్తరింప బనిలేదు. చీనాదేశమునుండి వలసలు, 1895 మొదలు 1945 వఱకు జపానుభాష, తదుపరి మాండరిను. బడిలో సొంతభాష పలికిన బాలునకు దండన. సైనికశాసనము 1987లో తొలగినది. 2001 నుండి బడులలో మాతృభాషాపాఠములు ప్రవేశించినవి. 2017లో దేశీయభాషాభివృద్ధి శాసనము వచ్చినది. ప్రభుత్వము గుర్తించిన జాతులు పదియాఱు. అమిసులు రెండులక్షలకు మించినవారు. మఱియొకవైపు సారోవా, కనకనవు భాషలు కొద్దిమంది వృద్ధుల నోట మాత్రమే యున్నవి. పాజేభాషను మాతృభాషగ నెఱిగిన చివరి వృద్ధురాలు 2010లో తన 96వ యేట గతించినది. ఆమె సహాయమున లీ, త్సుచిదా గార్లు 2001లో నిఘంటువును, 2002లో పాఠములను, పాటలను ప్రకటించియుండుటచేతనే పై సంఖ్యలను గూర్చి మనమింత వాదులాడగలిగినాము. బ్లస్ట్ 2003లో ప్రకటించిన థావో నిఘంటువు వేయిపుటలకు మించినది. ఆయన పదమునకు అర్థముతో సరిపెట్టక వాక్యములను విస్తారముగ నిచ్చెను. నిఘంటువుగ గాక పాఠసంపుటముగ జదివినను నిలుచు గ్రంథమది.

మరల సిరాయకు వత్తము. తైనాన్ ప్రాంతపు సిరాయ సంతతివారు 1999లో నొక సంఘముగ నేర్పడి తమ భాషను పునరుద్ధరింప బూనిరి. వారిలో ముఖ్యుడైన ఎడ్గర్ మకపీలి సంగీతజ్ఞుడు, ఫిలిప్పీనులనుండి వచ్చిన విసయా భాషీయుడు, ఆ యింటి యల్లుడు. సువార్త ప్రతి చేతికి రాగా నందలి మాటలు తన భాషామాటలవలె నుండుట గమనించి, పుటపుట పరిశీలించి, 2008లో పదకోశము ప్రకటించెను. ఐదువేల యేండ్ల చుట్టరికము ఇట్లు అక్కఱకు వచ్చినది. పిల్లలకు పాటలు, పాఠములు ఆ కోశమునుండియే సిద్ధమైనవి.

దీనిమీద నాక్షేపణ కలదు. బోధకుని యనువాదమునుండి ఎత్తిన భాష సిరాయవారి భాష యెట్లగును? విసయాభాషీయుని చెవితో సరిచూచిన పదమునకు ప్రామాణ్య మెక్కడిది? ఆక్షేపణలో సత్యాంశము లేకపోలేదు. పైన నేను సువార్తపై చెప్పిన లోపములన్నియు ఈ పునరుద్ధరణకును సంక్రమించును. కాని యాక్షేపకులు మఱచినదొకటి కలదు. సువార్తలోని వాక్యములను కూర్చుటకు గ్రావియుస్‌కు మాటలందించినవారు ఆ గ్రామములవారే. వారి పేర్లు ముఖపత్రమున లేవు. వ్యాకరణమంతయు వారిది, బోధకుడు వ్యాకరణమును కల్పింపలేడు. వేటమాటలు లేనిచో యుట్రెక్ట్ పట్టికనుండి తెచ్చుకొందురు, భూమి యెల్లలమాటలు సింకాంగ్ పత్రములనుండి తెచ్చుకొందురు. మాండలికభేదము వచ్చును, రానిండు. కూడదనవలసినది ఒక్కటే: అతుకు వేసినచోట వేయలేదనుట. కోశమునందు ప్రతిపదమునకు ఏది సువార్తనుండి వచ్చినది, ఏది పట్టికనుండి వచ్చినది, ఏది విసయా పోలికనుబట్టి యూహించినది యని గుర్తు పెట్టినచో ఈ పనిని తప్పుపట్టుటకు పండితులకు హక్కుండదు.

'అలిద్' మాత్రము అచ్చుపుస్తకమును విడిచి యూరిలోనే నిలిచినది. నేటికిని తైనాన్ పరిసరగ్రామములలో నీటితో నింపిన కలశములను పెట్టి అలిద్‌ను పూజింతురు. 2022 అక్టోబరు 28న తైవాన్ రాజ్యాంగన్యాయస్థానము సిరాయవారి పక్షమున తీర్పుచెప్పినపుడు ఇట్టి జనులకు గుర్తింపునిచ్చుటకు మూడు నిబంధనలను పేర్కొన్నది: భాష, ఆచారములు మొదలగు సంస్కృతిలక్షణములు నిలిచియుండుట, తామొక జాతియను స్పృహ సభ్యులయందుండుట, దానిని రుజువుపఱచు చారిత్రకపత్రము లుండుట. మూడవ నిబంధనకు 1661 నాటి సువార్తయు, 1813 వఱకు వ్రాసికొన్న భూమిపత్రములును సాక్ష్యము చెప్పును. మొదటిదానికి ఆ పదకోశముతో చదువుకొను పిల్లలు చెప్పవలసియున్నది.